పెట్ట బతుకు, గుడ్డు ధర

2022-23లో మన దేశంలో 13,838 కోట్ల గుడ్లు ఉత్పత్తి అయ్యాయి. అందులో ఐదో వంతు ఆంధ్రప్రదేశ్‌వి, దాదాపు 13 శాతం తెలంగాణవి. అంటే దేశం మొత్తం మీద ప్రతి మూడు గుడ్లలో ఒకటి తెలుగు నేల మీద పెట్టిందే. అనపర్తి, తణుకు వైపు నుంచి లారీలకు లారీలు గుడ్లు ఒడిశా, బెంగాల్, బిహార్, అస్సాం దాకా పోతాయి. పశుపోషణ భారీ పరిశ్రమగా మారిన సంగతి ఎత్తితే చాలామందికి అమెరికాలో పందుల షెడ్లు గుర్తొస్తాయి. అంత దూరం పోనక్కర్లేదు. రోడ్డు పక్క తోటల వెనక, పొడుగ్గా, గోడలకు బదులు ఇనుప వల కట్టి కనిపించే లేయర్ (గుడ్ల కోళ్ల) షెడ్డే ఆ పరిశ్రమకు మన ఊరి రూపం. ఆ షెడ్డులో ఏం జరుగుతుందో, దాని ఖర్చు ఎవరెవరి మీద పడుతుందో తెలుసుకోవాల్సిన బాధ్యత మిగతా దేశం కంటే మనకే ఎక్కువ.

ముందు ఆ పరిశ్రమ చేసిన మేలు చెప్పాలి, తక్కువ చేయకుండా చెప్పాలి. ఒకప్పుడు గుడ్డు పెరటి సరుకు. ఇంటి ఆడవాళ్లు నాలుగు గుడ్లు అమ్మి చేతి ఖర్చులకు ఉంచుకునేవారు. ఇంట్లో ఎవరైనా నీరసపడితేనో, చుట్టాలొస్తేనో వండేవారు. 1971లో డాక్టర్ బి.వి.రావు వెంకటేశ్వర హేచరీస్ మొదలుపెట్టారు. ఎక్కువ గుడ్లు పెట్టే జాతులు, లెక్క ప్రకారం కలిపిన దాణా, వేళకు టీకాలు రైతుకు అందాయి. కానీ ధర మాత్రం దళారీ చేతిలోనే ఉండిపోయింది. పెట్టుబడి కూడా రాక రైతులు షెడ్లు మూసుకునే పరిస్థితి వచ్చినప్పుడు, 1982లో ఆయన చొరవతో వాళ్లంతా ఒక్కటయ్యారు. అలా పుట్టిందే జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ. ఇవాళ పేపర్లో వచ్చే ‘నెక్ ధర’ ఆ సంస్థదే. తన సరుకు ధరను తన సంఘమే ప్రకటించుకునే వీలు మన వరి రైతుకు గానీ మిర్చి రైతుకు గానీ ఈనాటికీ లేదు.

దాని ఫలితం పేదల కంచంలోకి చేరింది. మంచి మాంసకృత్తులు, కొవ్వు, విటమిన్లు ఇంత తక్కువ ధరకు, ఇంత తేలిగ్గా, కల్తీ భయం లేకుండా ఇచ్చే వస్తువు మరొకటి వెతకడం కష్టం. మనిషికి ఏడాదికి 180 గుడ్లు కావాలని పోషకాహార నిపుణులు సూచిస్తుంటే, 2022-23లో మనకు తలసరి అందినవి 101. రెండు తెలుగు రాష్ట్రాల బడి పిల్లలకూ మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెడుతున్నారు. రోజంతా కూలికి పోయే తల్లికి ఆ గుడ్డు ఎంత భరోసానో ఆమెనే అడగాలి. ఈ విషయాన్ని పక్కన పెట్టేసి కోడి మీద జాలి గురించి మాత్రమే మాట్లాడేవారితో నేను ఏకీభవించలేను.

ఇక పెట్ట సంగతికి వద్దాం.

హేచరీలో 21 రోజులకు పిల్ల బయటికొస్తుంది. లేయర్ జాతి పిల్లల్లో సగం పుంజులు. అవి గుడ్లు పెట్టవు. బ్రాయిలర్‌లా కండ పట్టవు కాబట్టి వాటికి వేసే దాణా గిట్టుబాటు కాదు. అందుకే పుట్టిన రోజునే వేరు చేసి చంపేస్తారు. ఎక్కడో ఒక చెడ్డ హేచరీలో జరిగే దారుణం కాదిది, ప్రపంచమంతటా లేయర్ పరిశ్రమ నడిచే తీరే ఇది. పిల్ల ఇంకా గుడ్డులో ఉండగానే పుంజో పెట్టో తేల్చే పరికరాలు వచ్చాక, జర్మనీ 2022 జనవరి నుంచి ఈ చంపడాన్ని నిషేధించింది.

బతికిన పెట్ట పిల్లకు కొద్ది రోజుల్లోనే ముక్కు కొసను వేడి బ్లేడుతో కత్తిరిస్తారు. ఫారాల్లో దీన్ని డీబీకింగ్ అంటారు. ఇరుకులో ఒకదాన్నొకటి పొడుచుకుని చంపుకోకుండా ఉండటానికి ఈ జాగ్రత్త. ముక్కు కొసలో నరాలు నిండుగా ఉంటాయి. కోడి నేలను వెతికేది, గింజను ఎంచుకునేది, ఈకలు సర్దుకునేది దానితోనే.

నాలుగు నెలలు నిండేసరికి పెట్టను బోనులోకి ఎక్కిస్తారు. బోను అడుగు ఇనుప తీగలది. గుడ్డు ముందుకు దొర్లేలా కాస్త వాలుగా ఉంటుంది. మన దగ్గర చాలా ఫారాల్లో ఒక్కో పెట్టకు దక్కే చోటు 450 చదరపు సెంటీమీటర్లకు అటూ ఇటూ. పిల్లల ప్రాజెక్టులకు వాడే ఏ4 కాగితం వైశాల్యం 624. ఆ కాగితంలో మూడు వంతుల కంటే తక్కువ జాగాలో, మరో రెండు మూడు పెట్టలతో ఒరుసుకుంటూ, అది ఏడాదికి పైగా ఉంటుంది. 72 నుంచి 80 వారాల వయసు వచ్చాక గుడ్లు తగ్గుతాయి. అప్పుడు బయటికి తీస్తారు, మాంసానికి అమ్మేస్తారు. బోనులోకి ఎక్కాక దాని కాళ్లు మళ్లీ నేలను తాకవు.

ఈ చోటు దానికి సరిపోతుందా అన్నది ఊహకు వదిలేయాల్సిన ప్రశ్న కాదు. బ్రిటన్‌లో మరియన్ డాకిన్స్, హార్డీ అనే శాస్త్రవేత్తలు కోళ్లను పైనుంచి ఫొటోలు తీసి, ఒక్కో పనికి ఎంత చోటు తీసుకుంటాయో కొలిచి 1989లో ప్రచురించారు. ఊరికే నిలబడటానికి సగటున 475 చదరపు సెంటీమీటర్లు పట్టింది. వెనక్కి తిరగడానికి 1,272. రెక్కలు టపటపా కొట్టుకోవడానికి 1,876. మన బోను లెక్క వీటి పక్కన పెడితే, పెట్ట నిలబడే చోటుకే కొరత ఉందన్నమాట. తోటి పెట్టలు ఒదిగి దారి ఇస్తే తిరగగలదు. రెక్క విప్పడం మాత్రం కుదరదు.

చోటుకు మించిన సంగతి ఇంకొకటుంది. పల్లెలో పెరిగినవాళ్లకు ఇది కొత్త కాదు. గుడ్డు పెట్టే వేళకు పెట్ట కుదురుగా ఉండదు. కొక్కరిస్తూ ఇల్లంతా కలయదిరుగుతుంది, గాదె కిందో, గడ్డిమోపు సందులోనో, పాత గంపలోనో చీకటి మూల చూసుకుంటుంది. ఎన్నో తరాలుగా బోనుల్లో పెంచడానికి ఎంచి తీసిన జాతులకూ ఈ తపన పోలేదు. బరువు పెట్టిన తలుపును నెట్టుకుంటూ గూడు దగ్గరికి వెళ్లాల్సిన ప్రయోగాల్లో, గుడ్డు పెట్టబోయే పెట్ట ఆకలిగా ఉన్నప్పుడు తిండి కోసం ఎంత గట్టిగా తోస్తుందో గూడు కోసమూ అంత గట్టిగా తోసింది. ఉత్త తీగల బోనులో అటువంటి మూల ఉండదు. అది అటూ ఇటూ కదలాడి, పక్కవాటి మీద ఎక్కి దిగి, చివరికి అందరి మధ్యే గుడ్డు పెడుతుంది. మర్నాడూ అదే. ఏడాదికి మూడు వందల సార్లకు పైగా అదే. దీని పూర్వీకురాలైన అడవికోడి ఏడాది మొత్తానికి పెట్టేవి పదో పదిహేనో గుడ్లు.

మూడు వందల పెంకులు ఎక్కడి నుంచి వస్తాయి? ఒక్కో పెంకుకు రెండు గ్రాముల కాల్షియం కావాలి. దాణాలో ఎంత కలిపినా రాత్రిపూట పెంకు కట్టే వేళకు కొంత ఎముకల నుంచే తీసుకోవాలి. కదలిక ఉన్న కోడికి ఎముక మళ్లీ గట్టిపడుతుంది, బోనులోని కోడికి గుల్లబారుతుంది. చివర్లో కాళ్లు పట్టి గుంజి బయటికి తీసేటప్పుడు అవే ఎముకలు పుటుక్కున విరుగుతాయి. బ్రిటన్‌లో 1980ల చివర్లో చేసిన ఒక పరిశీలనలో, కబేళాకు చేరేసరికే బోను కోళ్లలో 29 శాతానికి ఏదో ఒక ఎముక విరిగి ఉంది.

బ్రాయిలర్‌కు బోను ఉండదు. వరిపొట్టు పరిచిన నేల మీద పెరుగుతుంది. దాని కష్టం దాని ఒంట్లోనే ఉంది. కెనడాలో 1957 నాటి కోడి జాతినీ 2005 నాటి జాతినీ ఒకే దాణాతో పక్కపక్కనే పెంచి చూశారు. 56 రోజులకు పాతది 905 గ్రాములు తూగితే కొత్తది 4,202 గ్రాములు తూగింది. అంత కండను మోయడానికి కాళ్లూ, నెత్తురు తోడటానికి గుండే అదే వేగంతో ఎదగలేదు.

ఇదంతా చదివితే రైతుల్ని క్రూరులనుకునే ప్రమాదం ఉంది. అది అన్యాయం. బోనులు రావడానికి గట్టి కారణాలున్నాయి. నేల మీద కోడి తన రెట్టలోనే తిరుగుతుంది. రక్త విరేచనాలు, నులిపురుగులు అలా అంటుకుంటాయి. రెట్ట కిందికి జారిపోయే బోనులో ఆ రోగాలు తగ్గాయి, గుడ్డు శుభ్రంగా వచ్చింది, ఒక మనిషి వేల కోళ్లను చూసుకోగలిగాడు. బోను తీసేసినంత మాత్రాన అంతా బాగుపడదు కూడా. అంతస్తుల అరలున్న షెడ్లలో కోళ్లు ఎగిరి దిగుతూ రొమ్ము ఎముక విరగ్గొట్టుకుంటాయని యూరప్ అనుభవం చెబుతోంది. మంద పెద్దదైతే పొడుచుకోవడం పెరుగుతుంది. బోను లేని ఫారానికి ఎక్కువ నేల, ఎక్కువ మనుషులు, కోడిని చూడగానే జబ్బు పసిగట్టే అనుభవం కావాలి. ఇవన్నీ తెలిసే చెబుతున్నాను. సరిగా నడిపితే బాగుపడగల కష్టం వేరు, ఎంత బాగా నడిపినా తీరని కష్టం వేరు. బోనులో రెక్క విప్పలేకపోవడానికి యాజమాన్యంతో సంబంధం లేదు, ఆ కొలతతోనే అది ఖాయమైపోయింది.

మన చట్టం ఈ సంగతి అరవై ఏళ్ల కిందటే గుర్తించింది. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం పదకొండో సెక్షన్ ప్రకారం, జంతువు తగినంత కదలడానికి వీల్లేని ఎత్తు, పొడవు, వెడల్పు ఉన్న బోనులో దాన్ని ఉంచడం నేరం. మొదటిసారి చేస్తే శిక్ష పది రూపాయల నుంచి యాభై రూపాయల జరిమానా. 2017లో లా కమిషన్ తన 269వ నివేదికను ప్రత్యేకంగా గుడ్ల కోళ్లు, బ్రాయిలర్ల పెంపకం, రవాణా మీదే ఇచ్చింది, ముసాయిదా నిబంధనలూ జత చేసింది. 2019లో కేంద్రం ప్రచురించిన మరో ముసాయిదా పెట్టకు కనీసం 550 చదరపు సెంటీమీటర్లు ఉండాలంది. యూరప్‌లో ఒట్టి బోనులకు 2003 నుంచి పెట్టిన కనీస కొలత సరిగ్గా ఇదే. ఆ కొలత చాలదని తేల్చి, అటువంటి బోనులనే 2012 జనవరి 1 నుంచి వాళ్లు రద్దు చేశారు. అక్కడ గడువు ముగిసిన కొలతను ఇక్కడ కొత్త సంస్కరణగా తేవడం నాకు సమ్మతం కాదు. 475లో నిలబడి, 1,272లో తిరిగే ప్రాణికి 550 ఇచ్చి న్యాయం జరిగిందనలేం.

షెడ్డు బయటి ఖర్చులు ఇంకో లెక్క. అందులో మొదటిది ఈగలు. బోనుల కింద నెలల తరబడి పేరుకున్న రెట్ట కొంచెం తడిస్తే చాలు, ఊరంతా ఈగలే. అన్నం తినడానికి కూర్చోలేని ఊళ్లున్నాయి, పెళ్లి సంబంధాలు కూడా వెనక్కి పోతున్నాయని వాపోయే పెద్దలున్నారు. ఫిర్యాదు ఇవ్వడానికి పోతే చాలాకాలం వినే చట్టమే లేదు, ఎందుకంటే లక్ష లోపు కోళ్లున్న ఫారాలకు కాలుష్య మండలి అనుమతి నుంచి మినహాయింపు ఉండేది. 2020లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాన్ని తప్పుపట్టింది. ఆ తర్వాత వచ్చిన మార్గదర్శకాల ప్రకారం 5,000 కోళ్లు దాటిన ప్రతి ఫారమూ అనుమతి తీసుకోవాలి. ఇది నిజంగా అమలైతే గ్రామాలకు పెద్ద ఊరట. మీ పంచాయతీలో ఉన్న ఫారానికి ఆ కాగితం ఉందో లేదో అడిగే హక్కు మీకుంది.

రెండోది రోగం. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లు గుట్టలుగా చనిపోయాయి. తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో బర్డ్ ఫ్లూ అని పరీక్షల్లో తేలింది. చుట్టూ కిలోమీటరు మేర ఉన్న కోళ్లను చంపి పూడ్చారు, పది కిలోమీటర్ల దాకా నిఘా పెట్టారు. ఆ వైరస్‌ను మోసుకొచ్చేది వలస పక్షులే కావచ్చు, నాటుకోడికీ అది సోకుతుంది. కానీ లక్షల కోళ్లు, ఒకే జాతివి, ఒకే వయసువి, ఒకే గాలి పీలుస్తూ, షెడ్డు పక్కన షెడ్డుగా ఉన్నచోట నిప్పు పడితే ఆగేదెక్కడ? రైతుకు ఒక్క వారంలో ఏళ్ల సంపాదన పోయింది. చచ్చిన కోళ్లను చేతులతో ఎత్తి గోతుల్లో వేసింది ఆ షెడ్ల పక్కనే గుడిసెల్లో ఉండే కూలీలు. చాలామంది ఒడిశా, బిహార్ల నుంచి పిల్లాపాపలతో వచ్చినవాళ్లు. గుడ్డు ధర గురించి ఎంత చర్చ జరిగినా వాళ్ల ప్రస్తావన రాదు.

మూడోది కంటికి కనిపించదు, నా భయం దాని గురించే ఎక్కువ. ఇరుకులో వేలాది కోళ్లు జబ్బు పడకుండా ఉండటానికీ, తొందరగా పెరగడానికీ యాంటీబయాటిక్స్‌ను దాణాలో, నీళ్లలో కలిపే అలవాటు వచ్చింది. జబ్బు చేసిన కోడికి మందు ఇవ్వడం వైద్యం. జబ్బు లేని మందకు రోజూ కొద్దికొద్దిగా ఇవ్వడం మాత్రం సూక్ష్మజీవులకు ఆ మందును తట్టుకునే శిక్షణ ఇవ్వడమే. 2014లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ రాజధాని ప్రాంతంలో 70 కోళ్ల నమూనాలు పరీక్షిస్తే 40 శాతంలో యాంటీబయాటిక్ అవశేషాలు దొరికాయి. ఆ మరుసటి ఏడాదే చైనా శాస్త్రవేత్తలు పందుల్లో ఒక జన్యువును కనిపెట్టారు. అది కొలిస్టిన్ అనే మందును పనిచేయనివ్వదు, పైగా ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి తేలిగ్గా దాటుతుంది. ఏ మందూ పనిచేయని రోగికి ఐసీయూలో చివరి ఆశగా డాక్టర్లు ఎక్కించేది కొలిస్టిన్‌నే. అటువంటి మందును మన దేశంలో కోళ్లు బలంగా పెరగడానికి అమ్ముతూ వచ్చారు. 2019 జూలైలో కేంద్రం ఆహారపు జంతువులకు దాని వాడకాన్ని నిషేధించింది. మంచి పని. కానీ ఒక్క మందును ఆపడంతో ముగిసే సమస్య కాదిది. యూరప్ 2006లోనే పెరుగుదల కోసం ఇచ్చే యాంటీబయాటిక్స్ అన్నింటినీ ఆపేసింది. మన కోళ్ల ఎరువు పొలాలకూ చేపల చెరువులకూ పోతుంది, దానితో పాటే ఆ మొండి సూక్ష్మజీవులూ పోతాయి. గుడ్డు తినని ఇంటికి కూడా ఈ ఖర్చు తప్పదు.

ఇంత ఖర్చు ఇందరి మీద పడుతున్నా రైతు బాగుపడుతున్నాడా అంటే, చిన్న రైతు విషయంలో అవుననలేం. లేయర్ ఖర్చులో సింహభాగం దాణాదే. మొక్కజొన్న, సోయా ధర పెరిగిన ఏడాది గుడ్డు ధర పడిపోతే అప్పు మీద అప్పు. కోడికి చెమట పట్టదు కాబట్టి ఎండాకాలంలో నోరు తెరిచి రొప్పుతుంది. గోనెపట్టాలు తడిపి కట్టి, పైకప్పు మీద నీళ్లు చిమ్మినా ఒక్క మధ్యాహ్నంలో వందలు రాలిపోతాయి. బ్రాయిలర్ రైతుల్లో చాలామంది కంపెనీలకు పెంచిపెట్టేవాళ్లే. పిల్ల, దాణా, మందు కంపెనీవి. షెడ్డు, కరెంటు, చాకిరీ రైతువి. కిలోకు ఇంత అని పెంపకం కూలి వస్తుంది. కోడికి రెండంగుళాలు ఎక్కువ ఇవ్వాలని అతనికి ఉన్నా, ఆ నిర్ణయం అతని చేతిలో లేదు. పక్క ఫారం చేయని పని తానొక్కడే చేస్తే అతని గుడ్డు అమ్ముడుపోదు. కాబట్టి మార్పు ఒక్కో రైతు మంచితనం మీద ఆధారపడకూడదు, అందరికీ ఒకేసారి వర్తించే నియమంగా రావాలి.

ఇక్కడ రెండు వాదనల గురించి గట్టిగా చెప్పాలి. ఒకటి, పిల్లలకు గుడ్డు పెట్టొద్దనేది. 2015లో మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి అంగన్‌వాడీల్లో గుడ్డు ప్రతిపాదనను తోసిపుచ్చారు. 2021 చివర్లో కర్ణాటక ప్రభుత్వం కొన్ని జిల్లాల బడుల్లో గుడ్డు మొదలుపెడితే కొన్ని మఠాలు అభ్యంతరం చెప్పాయి. ఆ అభ్యంతరాలు పెట్ట పడే బాధ గురించి కావు, ఒకరి ఆహార నియమాన్ని మరొకరి బిడ్డ కంచం మీద రుద్దడం గురించి. కోడి మీద ప్రేమ పేరుతో ఆ వాదనకు బలం ఇవ్వడం నాకు సమ్మతం కాదు. రెండోది పరిశ్రమ నుంచి వచ్చే వాదన. బోను పెద్దది చేస్తే గుడ్డు ధర పెరుగుతుంది, పేద పిల్ల నోటి దగ్గర కూడు పోతుంది అని. ధర పెరుగుతుందన్నది నిజం. ఆ భారం పేద పిల్ల మోయాలన్నది మాత్రం ఎక్కడా రాసి లేదు. బడి గుడ్డుకు డబ్బు కట్టేది ప్రభుత్వం. ఆమ్లెట్‌కు హోటల్లో ఇంటి ధర కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఇచ్చేది మనం. ఆ పెరిగే పైసలు మోయగల భుజాలు ఇవే.

నాకు కనిపించే దారి కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు బడులకు, అంగన్‌వాడీలకు, హాస్టళ్లకు ఏటా కోట్లాది గుడ్లు కొంటాయి. ఇంతకంటే పెద్ద ఖాతాదారు మార్కెట్లో లేడు. గుడ్డు బరువు ఇంతకు తగ్గకూడదని టెండర్లో రాసినట్టే, ఆ గుడ్డు పెట్టిన కోడికి ఎంత చోటు ఉండాలో, జబ్బు లేకుండా మందు వాడరాదనీ, ఫారానికి కాలుష్య మండలి అనుమతి ఉండాలనీ రాయొచ్చు. ఆ మేరకు ధర కలిపి ఇవ్వాలి, ఐదేళ్ల కొనుగోలు హామీ ఇవ్వాలి. అప్పుడు షెడ్డు మార్చుకునే రైతుకు బ్యాంకు ముందు చూపించడానికి ఒక కాగితం ఉంటుంది. కొంత భాగాన్ని ఊరి మహిళా సంఘాల నుంచే కొనవచ్చు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరట్లో తిరిగి బతికే గ్రామప్రియ, వనరాజా రకాలను ఎప్పుడో తయారుచేసి ఇచ్చింది. అవి దేశం మొత్తం గుడ్డు అవసరం తీర్చలేవు. ఒక ఊరి బడికి మాత్రం సరిపోతాయి.

పాత బోనులను రాత్రికి రాత్రి పీకేయమనడం రైతును ముంచడమే. యూరప్ 1999లో చట్టం చేసి 2012 దాకా గడువిచ్చింది. ఒక షెడ్డు అప్పు తీరి, బోనులు తుప్పుపట్టి మార్చాల్సిన వేళ వచ్చేదాకా ఆగింది. మనమూ అంత గడువు ఇవ్వొచ్చు, గడువు మొదలయ్యే తేదీ మాత్రం ఇప్పుడే ప్రకటించాలి. ఎందుకంటే ఈ ఏడాది బోనులు బిగించుకున్న రైతు వాటిని పదిహేనేళ్లో ఇరవై ఏళ్లో వాడతాడు. కొత్త షెడ్డుకు అనుమతి, అప్పు, రాయితీ ఇచ్చే మూడు చోట్లా బోను కొలత అడగడం మొదలుపెడితే, ఆ ఇరవై ఏళ్ల గుడ్లు ఎలాంటి బోనులోంచి రావాలన్నది ఈ ఏడాదే తేలుతుంది.